ఓపెన్‌టూన్జ్‌తో కంపోజిటింగ్: కాగితం మీద గీసేవాళ్ల కోసం ఒక రివ్యూ

ఓపెన్‌టూన్జ్ అంటే ఉచితంగా దొరికే 2డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్. దీంట్లో బొమ్మలు ఎలా గియ్యాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, నేను మాత్రం దీంట్లో అసలు గియ్యను, కాగితం మీద పెన్సిల్‌తోనే గీస్తా. కాబట్టి ఈ రివ్యూ అంతా గీసేశాక జరిగే పని గురించే, అంటే స్కాన్ చేసిన బొమ్మల్ని, విడిగా వేసిన బ్యాక్‌గ్రౌండ్‌ని, వానా పొగా మంటా లాంటివాటిని కలిపి ఒక షాట్‌గా బయటికి తియ్యడం గురించి. దీన్నే కంపోజిటింగ్ అంటారు. ఏడాదిగా ఇదే పని చేస్తున్నా.

ముందు నేను పడ్డ అవస్థ చెప్తా, అప్పుడు ఇది నాకెందుకు నచ్చిందో తెలుస్తుంది. మా షార్ట్ ఫిల్మ్‌లో ఒక ముసలాయన రాత్రిపూట వానలో, ఒక చేత్తో గొడుగు ఇంకో చేత్తో లాంతరు పట్టుకుని నడిచొస్తుంటాడు. నడక బాగానే కుదిరింది, బ్యాక్‌గ్రౌండ్ మా ఫ్రెండ్ వాటర్‌కలర్‌లో వేసిచ్చింది, అది నా బొమ్మకంటే బాగుంది. విడివిడిగా చూస్తే రెండూ ముచ్చటగా ఉన్నాయి, కలిపితే మాత్రం ముసలాయన ఎవరో కత్తిరించి గోడకి అంటించిన పోస్టర్‌లా ఉన్నాడు. అప్పట్లో వేరే సాఫ్ట్‌వేర్‌లో (పేరెందుకులెండి, తప్పు నా పద్ధతిది) బొమ్మలన్నీ రంగులేసిన పీఎన్‌జీలుగా తెచ్చి లేయర్ మీద లేయర్ పేర్చా. ఎక్కడ తేడా కొడుతోందో కనిపెట్టడానికే రెండు వారాలు పట్టింది. గీత మరీ నల్లగా ఉంది, అంతే! వాటర్‌కలర్‌లో ఎక్కడా పూర్తి నలుపు లేదు, బాగా చీకటి ఉన్నచోట కూడా అది ముదురు నీలమే, నేనేమో పెన్సిల్ గీతని స్కాన్‌లో కాంట్రాస్ట్ పెంచి పెంచి కాటుక చేసేశా. ఫ్రేమ్ మొత్తంలో అన్నిటికంటే నల్లటి వస్తువు ముసలాయన ముక్కు గీత, ఇక చూసేవాడి కన్ను అక్కడికి కాక ఎక్కడికి పోతుంది.

సరే, గీత రంగు మార్చేద్దాం అనుకుంటే అప్పటికే గీతా రంగూ ఒకే బొమ్మలో కలిసిపోయి ఉన్నాయి. నల్లగా ఉన్నదాన్నల్లా పట్టుకుని నీలం చేస్తే గొడుగు కూడా నీలం అయిపోయింది, ఎందుకంటే గొడుగూ నలుపే. పైగా గీతకీ చొక్కాకీ మధ్య అంచులో ఉండే బూడిదరంగు పిక్సెళ్లు అలాగే ఉండిపోయి, బట్ట ఉతికినా పోని మరకలా కనపడ్డాయి. ఇలాంటి డ్రాయింగులు 180 ఉన్నాయి, ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకుంటూ కూర్చుంటే సినిమా అయ్యేలోపు నేనే ముసలాయన్ని అయిపోతా.

ఓపెన్‌టూన్జ్‌లో ఈ సమస్య పుట్టనే పుట్టదు. ఈ రివ్యూలో అసలు సంగతి ఇదే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. దీనికి టూన్జ్ రాస్టర్ అని సొంత ఫార్మాట్ ఒకటుంది, ఫైల్ పేరు చివర టీఎల్‌వీ అని వస్తుంది. మామూలు ఇమేజ్‌లో ఒక పిక్సెల్ అంటే ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అన్న లెక్క. టీఎల్‌వీలో పిక్సెల్ రంగునే దాచుకోదు. ఇక్కడ ఉన్న గీత పాలెట్‌లో (అంటే ఆ బొమ్మల రంగుల పట్టికలో) ఎన్నో నంబరు, నింపిన రంగు ఎన్నో నంబరు, రెండూ ఏ పాళ్లలో కలవాలి, ఈ మూడే దాచుకుంటుంది. మొత్తం 32 బిట్లలో 12 గీతకి, 12 నింపిన రంగుకి, మిగిలిన 8 ఆ పాళ్లకి. అంటే గీతా రంగూ ఒకేచోట ఉంటాయి గానీ ఒకదాన్లో ఒకటి కరిగిపోవు. రంగులన్నీ నింపి, నడకంతా పూర్తయి, షాట్ కంపోజిట్ కూడా అయ్యాక, పాలెట్‌లో 1వ నంబరు స్టైల్ (పట్టికలో ఒక్కో రంగునీ స్టైల్ అంటారు) తెరిచి నలుపుని ముదురు నీలం చేస్తే 180 డ్రాయింగుల్లోనూ గీత ఒక్కసారే మారుతుంది, అంచులతో సహా మారుతుంది, గొడుగు జోలికి పోదు. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు ఆనందం కంటే ముందు ఏడుపొచ్చింది, ఆ రెండు వారాలు గుర్తొచ్చి.

ఇంకో మెట్టు పైకెళ్తే, పాలెట్‌లోని రంగులకి కీఫ్రేములు కూడా పెట్టొచ్చు, అంటే ఏ ఫ్రేములో ఏ రంగు ఉండాలో చెప్పొచ్చు. మా ముసలాయన చీకట్లోంచి వీధి దీపం కిందికొచ్చే షాట్ ఉంది. 1వ ఫ్రేములో గీత ముదురు నీలం, చొక్కా నీలంలో ముంచిన తెలుపు, 60వ ఫ్రేముకి గీత ముదురు గోధుమ, చొక్కా కాస్త పసుపు, మధ్యలో అది తనే మార్చుకుంటూ పోయింది. మామూలుగా అయితే ఇలాంటిచోట బొమ్మ మొత్తం మీద ఒక కలర్ ఫిల్టర్ పడేస్తాం, అప్పుడు చర్మం, చొక్కా, గొడుగు అన్నీ ఒకే పసుపులో ముంచి తీసినట్టుంటాయి. ఇక్కడ ఏ రంగు ఎంత మారాలో ఒక్కోదానికీ నేనే చెప్పుకున్నా. వెలుతురు ఆయన మీద పడినట్టుంది, ఫిల్టర్ పడినట్టు లేదు.

కాస్త పుట్టుపూర్వోత్తరాలు. టూన్జ్‌ని మొదట తయారు చేసింది ఇటలీలోని డిజిటల్ వీడియో అనే కంపెనీ, 1990లలో. జపాన్‌లో స్టూడియో జిబ్లీ వాళ్లు దాన్ని తమకి కావాల్సినట్టు మార్పించుకుని ఏళ్ల తరబడి వాడారు. 2016లో డ్వాంగో అనే జపాన్ కంపెనీ దాన్ని తీసుకుని ఓపెన్‌టూన్జ్ పేరుతో సోర్స్ కోడ్‌తో సహా వదిలేసింది. బీఎస్‌డీ లైసెన్స్, అంటే దీంతో చేసిన సినిమా అమ్ముకున్నా ఎవరూ అడగరు. ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, దీన్ని వాడుతుంటే ఇది కాగితం మీద గీసే స్టూడియోల్లో పెరిగిందని అడుగడుగునా తెలుస్తుంది, మంచికీ తెలుస్తుంది, చెడుకీ తెలుస్తుంది. చెడు తర్వాత చెప్తా.

మంచిలో మొదటిది క్లీనప్, అంటే స్కాన్‌ని శుభ్రం చేసి టీఎల్‌వీ గీతగా మార్చడం. స్కాన్ చేసిన కాగితాలు ఎంత జాగ్రత్తగా పెట్టినా ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి, వరుసగా ప్లే చేస్తే బొమ్మ వణికిపోతుంది. కాగితానికి పెగ్ రంధ్రాలు (కాగితాలు కదలకుండా మేకులకి తగిలించే రంధ్రాలు) ఉంటే, అవి కూడా స్కాన్‌లో పడేట్టు పెడితే, ఇది ఆ రంధ్రాల్ని చూసి ప్రతి కాగితాన్నీ సరిగ్గా కూర్చోబెడుతుంది. చిన్న చిన్న మచ్చలు తీసేసే సెట్టింగ్ ఉంది, మరీ పెంచితే కనుపాపలు కూడా మచ్చలే అనుకుని తీసేస్తుంది, చూసుకోండి. నాకు బాగా ఉపయోగపడింది కలర్ మోడ్. ముసలాయన మొహం మీద నీడ ఎక్కడిదాకా రావాలో కాగితం మీదే ఎర్ర పెన్సిల్‌తో గీస్తా. క్లీనప్‌లో ఆ ఎర్ర గీత విడి స్టైల్ అయిపోతుంది. దానికి లోపల నీడ రంగు నింపి, తర్వాత ఎర్ర గీతకి కూడా అదే నీడ రంగు ఇచ్చేస్తే గీత మాయమై నీడ మాత్రం మిగులుతుంది. సెల్ (బొమ్మకి రంగులేసే పారదర్శక షీట్) కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది, కాకపోతే ఇక్కడ పని ఒక క్లిక్కులో అయిపోతుంది.

అలాగని అన్నీ టీఎల్‌వీ చెయ్యకండి. క్లీనప్ గీతని గీతలా చూస్తుంది, మెత్తటి పెన్సిల్‌తో రుద్ది వేసిన షేడింగ్‌ని అది గీత అనుకోదు, మురికి అనుకుంటుంది. పొగ షాట్‌లో నాకు కావాల్సింది ఆ రుద్దుడే. కాబట్టి పొగని మామూలు ఇమేజ్ లాగే ఉంచి, నలుపూ తెలుపూ తిరగేసి, స్క్రీన్ మోడ్‌లో కలిపా. స్క్రీన్‌లో నలుపు కనపడకుండా పోయి తెలుపు మిగులుతుంది, మల్టిప్లైలో దానికి ఎదురు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కాగితం మీద గీసిన ఎఫెక్టుల్లో సగం వాటికి ఆల్ఫా (ఏ పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే లెక్క) గొడవే అక్కర్లేదు, కాగితం తెలుపు దానంతటదే పోతుంది.

ఆల్ఫా గొడవ ఎలాగూ వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తా. వేరేచోట రంగులేసి తెచ్చిన పిల్లి ఒకటి ఉంది మా సినిమాలో, చీకటి బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే దాని చుట్టూ తెల్లటి దారం చుట్టినట్టు వచ్చింది. పీఎన్‌జీలో అంచు పిక్సెల్ సగం పారదర్శకంగా ఉంటుంది గానీ దాని రంగు మాత్రం పూర్తి రంగుగానే రాసి ఉంటుంది, కలిపేవాడు ముందు ఆ రంగుని పారదర్శకతతో గుణించుకోవాలి. గుణించకుండా గుణించినట్టే అనుకుని కలిపితే ఆ తెల్ల దారం వస్తుంది, గుణించినదాన్నే మళ్లీ గుణిస్తే నల్ల దారం వస్తుంది. ఓపెన్‌టూన్జ్‌లో లెవెల్ (ఒక వరుస డ్రాయింగులన్నీ కలిపి ఒక లెవెల్) సెట్టింగ్స్ తెరిస్తే ప్రీమల్టిప్లై అని ఒక గడి ఉంటుంది, టిక్ పెట్టా, దారం పోయింది. నేను అంతకుముందు ఒక సాయంత్రమంతా పిల్లి అంచుల్ని ఒక పిక్సెల్ లోపలికి కోస్తూ కూర్చున్నా, మీసాలు కూడా పోయాయి పాపం. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అదీ.

ఇప్పుడు ఎఫ్ఎక్స్ స్కీమాటిక్, అంటే లేయర్లకి ఎఫెక్టులు తగిలించే చోటు. ప్రతి లేయరూ ఒక చిన్న పెట్టెలా కనపడుతుంది, పెట్టెకీ పెట్టెకీ తీగలు కలుపుకుంటూ పోవాలి, చివరికి అన్నీ ఎక్స్‌షీట్ (ఏ ఫ్రేములో ఏ డ్రాయింగో రాసుకునే పట్టిక) పెట్టెలోకి చేరతాయి. లేయర్ల పేర్పుకి అలవాటు పడ్డవాళ్లకి ఇది మొదట కరెంటు బోర్డు విప్పి చూసినట్టుంటుంది. లాంతరు షాట్ ఎలా కట్టానో చెప్తే అర్థమవుతుంది. ముసలాయన లెవెల్‌లో లాంతరు మంటకి రెండు స్టైల్స్ ఉన్నాయి. పాలెట్ ఫిల్టర్ అనే ఎఫెక్ట్‌కి ఆ రెండు నంబర్లూ ఇచ్చి, ఇవి మాత్రమే ఉంచు అన్నా. ఇప్పుడా తీగలో మంట మాత్రమే వస్తుంది, మిగతా ముసలాయన లేడు. దాన్ని రెండుగా చీల్చా, ఒకదానికి చిన్న బ్లర్, ఇంకోదానికి చాలా పెద్ద బ్లర్, రెండిటినీ యాడ్‌తో మళ్లీ బొమ్మ మీద కలిపా. మంట చుట్టూ వేడి, దాని చుట్టూ మసక వెలుగు. ఇందులో నేను ఒక్క మాస్క్ (ఎఫెక్ట్ ఎక్కడ పడాలో చూపే ఆకారం) కూడా గియ్యలేదు. మంట ప్రతి డ్రాయింగ్‌లో ఆకారం మారుస్తుంది, అయినా గ్లో దాని వెంటే పోతుంది, ఎందుకంటే గ్లోకి తెలిసింది ఆకారం కాదు, రంగు నంబరు. పాత రోజుల్లో ఇదే పనికి సెల్‌లో మంట ఉన్నచోటు తప్ప మిగతాదంతా నలుపుతో మూసేసి, కింద నుంచి లైటు వేసి, అదే ఫిల్మ్‌ని వెనక్కి తిప్పి రెండోసారి ఎక్స్‌పోజ్ చేసేవాళ్లు. తప్పు జరిగితే మళ్లీ మొదటి నుంచి. అది తలుచుకుంటే నా కరెంటు బోర్డు హాయి.

అదే ఫిల్టర్‌తో బుగ్గల ఎరుపు కూడా చేశా. ముసలాయనకి బుగ్గల ఎరుపేంటి అని మా ఫ్రెండ్ నవ్వింది. చలిలో నడుస్తున్నాడు మరి, ఉండదా?

వాన గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాన గీతలు మూడు సెట్లు గీశా, దూరం వానకి సన్నవి, మధ్యలో ఒక మోస్తరువి, కెమెరా ముందు పడేవి లావువి. మొదట మూడిట్లోనూ 8 డ్రాయింగుల లూప్ పెట్టా, సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో డ్రాయింగ్ ఒక్కో ఫ్రేమే, అంటే సెకనులో మూడుసార్లు అదే వాన మళ్లీ మళ్లీ కురిసింది, కళ్లకి కుట్టుమిషన్ నడుస్తున్నట్టు కనపడింది. అప్పుడు లూపుల పొడవు మార్చా. దూరం వాన 7 డ్రాయింగులు, మధ్యది 11, ముందుది 13. ఈ మూడూ మళ్లీ ఒకే చోట కలవాలంటే 1001 ఫ్రేములు పోవాలి, అంటే దాదాపు 42 సెకన్లు, మా షాట్ 9 సెకన్లు. గీసింది 31 కాగితాలు, తెర మీద ఒక్కసారి కూడా అదే వాన రెండోసారి పడలేదు. ఎక్స్‌షీట్‌లో ఈ లూపులు పెట్టడం చాలా తేలిక, నంబర్లు నిలువుగా కాపీ చేసుకుంటూ పోవడమే. గీత టీఎల్‌వీలోనే ఉంది కాబట్టి వాన రంగు కూడా పాలెట్ నుంచే, దూరం వాన నీలంలో కలిసిపోయేట్టు, ముందుది కాస్త తెల్లగా, లాంతరు దగ్గరికొచ్చే గీతలు కొద్దిగా పసుపు.

కెమెరా కదిలే షాట్లలో ఒక తిరకాసు ఉంది, ఇది సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది కాదు, పద్ధతితో వచ్చింది. ముసలాయన నడక ఒక్కో డ్రాయింగ్ రెండేసి ఫ్రేములు నిలుస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ మాత్రం ప్రతి ఫ్రేముకీ జరుగుతుంది. ఫలితం, పాదం నేల మీద ఉన్న రెండో ఫ్రేములో నేల ఒక్కటే జారిపోతుంది, చూస్తే ముసలాయన నూనె పోసిన గచ్చు మీద నడుస్తున్నట్టుంటుంది. ఫంక్షన్ ఎడిటర్‌లో ఆ కదలికకి స్టెప్ 2 అని ఇస్తే బ్యాక్‌గ్రౌండ్ కూడా రెండేసి ఫ్రేములకి ఒకసారి జరుగుతుంది, పాదం నేలకి అతుక్కుంటుంది. నెమ్మది నడకకి ఇది సరిపోతుంది. పరుగు షాట్ ఉంటే మాత్రం ఆ అదురు కళ్లకి తెలుస్తుంది, అక్కడ ఫ్రేముకొక డ్రాయింగ్ గియ్యక తప్పదు.

దూరాల సంగతికొస్తే, ప్రతి కాలమ్‌కీ లోతు ఇవ్వొచ్చు, కెమెరా జరిగితే దగ్గరి చెట్టు ఎక్కువ, దూరం కొండ తక్కువ జరుగుతుంది. బాగా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త, కెమెరా ముందుకెళ్లే షాట్ ఉంటే బ్యాక్‌గ్రౌండ్ స్కాన్ ముందే పెద్దగా చేసి పెట్టుకోండి, 1920 పిక్సెళ్ల వెడల్పు బొమ్మని రెండింతలు జూమ్ చేస్తే మిగిలేది 960 పిక్సెళ్లే.

కాగితం టెక్స్‌చర్ కూడా ఒకటి. సినిమా అంతటికీ కాగితం గరుకు కనపడాలని ఒక ఖాళీ కాగితం స్కాన్ చేసి అన్నిటికంటే పైన మల్టిప్లైలో పెట్టా. నిలకడ షాట్లలో అద్భుతం. కెమెరా కదలగానే కాగితం కదలకుండా నిలబడిపోయి, మురికి అద్దంలోంచి సినిమా చూస్తున్నట్టు అయింది. దాన్ని కెమెరా నుంచి తీసి బ్యాక్‌గ్రౌండ్ పెగ్‌బార్‌కి (బ్యాక్‌గ్రౌండ్‌ని జరిపే పట్టీకి) కట్టా, అప్పుడు కాగితం బొమ్మతోపాటు జరిగింది. పైన మాత్రం అన్నిటి మీదా ఒకటే సన్నటి గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనపడే రేణువుల్లాంటిది), ప్రతి ఫ్రేముకీ మారేది. పెన్సిల్ బొమ్మనీ వాటర్‌కలర్‌నీ ఒకే ఇంట్లో పుట్టినట్టు చేసేది చివరికి ఈ గ్రెయినే, గ్లోలో కనపడే రంగు చారల్ని కూడా చాలావరకు అదే కప్పేస్తుంది. చారలు ఇంకా ఉంటే అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో 8 బిట్ బదులు 16 బిట్ పెట్టండి.

ఇక చెడు. ఇంటర్‌ఫేస్ పాతది, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఎక్స్‌షీట్‌లో కాలం పైనుంచి కిందికి పారుతుంది, కుడివైపు కాలమ్ పైన ఉంటుంది, ఎడమవైపుది కింద. టైమ్‌లైన్‌కి అలవాటు పడ్డవాళ్లకి మెడ తిప్పి చదివినట్టుంటుంది (టైమ్‌లైన్ చూపు కూడా ఉంది, నేను నెలకే ఎక్స్‌షీట్‌కి వచ్చేశా, డోప్ షీట్ (కాగితం మీద రాసుకునే ఎక్స్‌షీట్) రాసుకునే చేతికి అదే సుఖం). మామూలుగా పనిచేసే కెమెరా స్టాండ్ చూపులో ఎఫెక్టులు కనపడవు, ప్రివ్యూ నొక్కితేనే కనపడతాయి, పెద్ద బ్లర్లు రెండు మూడు ఉంటే ప్రివ్యూకి ఓపిక కావాలి. ఎఫెక్టుల పేర్లు చూసి అదేం చేస్తుందో ఊహించడం కష్టం, ఒకే పనికి రెండు మూడు ఎఫెక్టులు ఉంటాయి, ఏది వాడాలో అది చెప్పదు. బ్లర్‌కి ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టడం మానేశా.

అన్నిటికంటే ముఖ్యం, సీన్ సేవ్ చేస్తే డ్రాయింగులు సేవ్ అయినట్టు కాదు. సీన్ ఫైల్ వేరు, లెవెల్ ఫైళ్లు వేరు, పాలెట్లు వేరు. సేవ్ ఆల్ అని ఉంటుంది, అదే నొక్కాలి. నేను 40 డ్రాయింగులకి రంగులేసి, సీన్ మాత్రం సేవ్ చేసి, మూసేటప్పుడు అది లెవెల్స్ సేవ్ కాలేదని పెట్టె చూపిస్తే చదవకుండా నొక్కేశా, మర్నాడు తెరిస్తే 40 బొమ్మలూ రంగుల్లేకుండా నన్నే చూస్తున్నాయి. అది చెప్పింది, నేనే వినలేదు. ఇంకోసారి ఫోల్డర్ పేరు బయటి నుంచి మార్చేశా, సీన్‌లో ఉన్న బొమ్మలన్నీ తప్పిపోయిన పిల్లల్లా ఎర్రగా కనపడ్డాయి. ఇప్పుడు ప్రాజెక్ట్ ఫోల్డర్ల జోలికి పోను.

ఎవరికి పనికిరాదో కూడా చెప్తా. కెమెరాతో తీసిన వీడియోలో బొమ్మ పెట్టాలి, గ్రీన్ స్క్రీన్ తియ్యాలి, 3డీ రెండర్ పాసులు కలపాలి అంటే దీంతో కుస్తీ పట్టకండి, బ్లెండర్ కంపోజిటర్, నాట్రాన్ లాంటివి అందుకే ఉన్నాయి, అవీ ఉచితమే. నేను కూడా రెండు షాట్లకి ఓపెన్‌టూన్జ్ నుంచి ముసలాయన్ని ఒకటి, నీడని ఒకటి, గ్లోని ఒకటి విడివిడి పీఎన్‌జీ సీక్వెన్సులుగా తీసి బ్లెండర్‌లో కలిపా. ఎప్పుడైనా సరే వీడియో ఫైల్ కంటే ఇమేజ్ సీక్వెన్సే తియ్యండి, 96 ఫ్రేముల షాట్ 90వ ఫ్రేము దగ్గర ఆగిపోతే మిగతా 6 రెండర్ చేసుకుంటే చాలు. టాబ్లెట్ మీద నేరుగా రంగుల్లో పెయింటింగ్‌లా వేసేవాళ్లకి కూడా దీని గొప్పతనం అంతగా తెలియదు, ఎందుకంటే వాళ్ల బొమ్మలో గీత అనేదే విడిగా ఉండదు.

స్టార్లు ఇమ్మంటే కంపోజిటింగ్‌కి నాలుగు, నేర్చుకునే దారికి రెండు. ఇదే కోడ్ నుంచి విడిపోయిన టహోమా2డీ అని ఇంకోటి ఉంది, అదీ ఉచితమే, కొత్తవాళ్లకి కాస్త సులువుగా ఉంటుందని దాన్ని వాడే ఫ్రెండ్ చెప్పాడు. పొగ షాట్‌లో ఇంకొంచెం పని మిగిలింది, అది అయ్యాక దాంట్లో ఒక చిన్న సీన్ చేసి చూస్తా.